బండి ఆయిల్ ఒక్కోసారి ఒక్కోలా ఎందుకు చూపిస్తుంది?

మీరు అడిగింది ఇదీ: "మాది రాజోలు వైపు పల్లెటూరు. నాది పాత 100 సీసీ బండి. ఆదివారం సంత నుంచి వచ్చిన వెంటనే వాకిట్లో సైడ్ స్టాండ్ మీదే గేజ్ (ఆయిల్ మూతకుండే గీతల పుల్ల) తీసి ఆయిల్ చూశాను. కింది గీతకు కూడా అందలేదు. కంగారుపడి పావు లీటరు పోశాను. మర్నాడు పెట్రోలు బంకులో సెంటర్ స్టాండ్ వేసి, స్నేహితుడు చెప్పినట్టు గేజ్ పూర్తిగా బిగించి చూస్తే పై గీత దాటిపోయింది. నాన్న పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడమంటారు. మెకానిక్ వేడి మీద చూడమన్నాడు. ఎవరి మాట వినాలి?"

తమ్ముడూ, ముందు ఆ బండిని రోడ్డెక్కించకండి. ఆయిల్ ఎంత ఉందో తేలేదాకా ఇంట్లోనే ఉండనివ్వండి. ఒకటి రెండు రోజులు సైకిలో, ఆటోనో చూసుకోండి.

ఇక మీకు సలహా ఇచ్చిన వాళ్ల సంగతి. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాకపోతే ఒక్కొక్కరి మనసులో ఒక్కో ఇంజన్ ఉంది. మీ నాన్నగారికి ట్రాక్టరో, చేలో డీజిల్ ఇంజనో అలవాటై ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేయకముందే పుల్ల లాగి, తుడిచి, మళ్లీ పెట్టి చూడటం ఆ ఇంజన్లకు సరైన పద్ధతే. రాత్రంతా నిలబడిన ఇంజన్లో ఆయిల్ మొత్తం కిందికి దిగి ఉంటుంది, దానికి తగ్గట్టే ఆ పుల్ల మీద గీతలు పెడతారు. పైగా ట్రాక్టర్లో పట్టే ఆయిల్ ఎంత, మన బండిలో పట్టే ఆయిల్ ఎంత? మీ బండిలో ఉండేది లీటరు లోపు. దాంతోనే పిస్టన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు అన్నీ తడవాలి. చెరువులో చెంబెడు నీళ్లు పోస్తే తెలియదు, గ్లాసులో పోస్తే పొంగుతుంది. అందుకే ట్రాక్టరుకు లెక్కలోకి రాని తేడా మన బండికి పెద్ద తేడా అయి కూర్చుంటుంది.

మీరు ఆదివారం చూసిన తీరు, సోమవారం చూసిన తీరు పక్కపక్కన పెట్టి చూడండి, మీకే అర్థమవుతుంది.

ఆదివారం బండి సైడ్ స్టాండ్ మీద ఉంది, అంటే ఎడమ వైపు ఒరిగి ఉంది. ఇలాంటి బండ్లకు గేజ్ కుడి వైపు కవరు మీద ఉంటుంది. పళ్లెంలో చారు పోసి ఎడమకు వంచండి, కుడి అంచు ఆరిపోతుంది. గేజ్ ఉన్నది ఆ ఆరిన అంచు దగ్గరే. ఇంజన్లో ఆయిల్ సరిపడా ఉన్నా పుల్లకు అందదు. రెండోది, మీరు బండి ఆపిన వెంటనే చూశారు. అప్పటికి కొంత ఆయిల్ ఇంకా పైన హెడ్డులో, టైమింగ్ చైన్ దారిలో, క్లచ్ ప్లేట్ల మధ్య, గేర్ల పళ్ల మీద ఉంటుంది. అది కారి కింద చేరడానికి టైం పడుతుంది. ఈ రెండూ కలిసి ఉన్నదానికంటే తక్కువ చూపించాయి.

సోమవారం సెంటర్ స్టాండ్ వేశారు, అది మంచి పనే. కానీ గేజ్ మర తిప్పి బిగించేశారు. మీ బండి రకం వాటిలో చాలావాటికి గేజ్‌ను రంధ్రంలో ఆనించి వదిలేసి చూడాలి, బిగించకూడదు. బిగిస్తే మరలున్నంత మేర పుల్ల ఇంకా లోతుకు దిగుతుంది. లోతుకు దిగితే ఆయిల్ పుల్ల మీద పైకి అంటుతుంది. అంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది. ఒక రోజు తక్కువ వైపు తప్పు, రెండో రోజు ఎక్కువ వైపు తప్పు. మధ్యలో మీరు పోసిన పావు లీటరు. ఇంక లెక్క ఎలా కుదురుతుంది?

ఇందులో ఇంకో తమాషా ఉంది. సైడ్ స్టాండ్ మీద పెట్టి, గేజ్ బిగించి చూసేవాళ్లున్నారు. ఒక తప్పు తక్కువ చూపిస్తే రెండోది ఎక్కువ చూపించి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని అంకె దాదాపు సరిగ్గా వస్తుంది. అలాంటాయన "ఇరవై ఏళ్ల నుంచి ఇలాగే చూస్తున్నాను, నా ఇంజన్‌కి ఏమైంది?" అంటాడు. ఏమీ కాలేదు, నిజమే. కానీ ఆ పద్ధతి ఇంకో బండికి పనికిరాదు. మీ స్నేహితుడి బండికి బిగించి చూడమనే రాసి ఉండొచ్చు కూడా, అలాంటి ఇంజన్లూ ఉన్నాయి. బండితో ఇచ్చిన బుక్కులో దీనికో పేజీ ఉంటుంది, బొమ్మతో సహా. బుక్కు పోతే కంపెనీ వెబ్‌సైట్లో మీ మోడల్ పేరు, సంవత్సరం కొట్టి వెతకండి, చాలా మోడళ్లకు దొరుకుతుంది. మా షెడ్డుకు వచ్చేవాళ్లలో ఆ బుక్కు చదివినవాళ్లు తక్కువ. ఇన్సూరెన్సు కాగితాలు మడిచి పెట్టుకోవడానికి మాత్రం అందరికీ పనికొస్తుంది.

ఇప్పుడు పద్ధతి చెప్తాను. మొదట చూసుకోవాల్సింది నేల.

మన గోదావరి జిల్లాలు అరచేయిలా చదునుగా ఉంటాయి కదా, నేల కోసం వెతకడమేంటి అనుకోవచ్చు. నిజానికి డెల్టాలో మట్టమైన జాగా దొరకడమే కష్టం. వాన నీళ్లు నిలవకుండా ప్రతి వాకిలినీ వీధి వైపో, మురుగు కాలవ వైపో వాలుగా వేస్తారు. సిమెంటు రోడ్డు మధ్యలో మెరకగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. కాలవ గట్టు రోడ్డయితే సరేసరి. ఇల్లు పల్లంలో, రోడ్డు మెరకలో ఉంటాయి కాబట్టి ఇంట్లోకి దిగే దారే ఒక వాలు. బంకుల్లో కూడా నీళ్లు పోవడానికి నేల వాలుగానే చేస్తారు. చేలో నీళ్లు పెడితేనే మెరక పల్లం బయటపడినట్టు, ఇక్కడ కూడా నీళ్లతోనే చూడాలి. వెడల్పాటి స్టీలు పళ్లెంలో కాసిని నీళ్లు పోసి నేల మీద పెట్టండి. అన్ని వైపులా అంచుకు సమానంగా నిలిస్తే ఆ చోటు పనికొస్తుంది. తాపీమేస్త్రీ దగ్గర రసమట్టం దొరికితే ఇంకా మంచిది. పిల్లల గోలీ వదిలినా చాలు, అది ఎటు దొర్లితే అటు వాలు. మామూలుగా ఇంటి లోపలి వరండాయో, ధాన్యం బస్తాలు వేసే గదో మట్టంగా దొరుకుతుంది. ఒకసారి దొరికాక అక్కడ సుద్దతోనో, రంగుతోనో చిన్న గుర్తు పెట్టుకోండి. ప్రతిసారీ అదే చోట, బండి అదే ముఖంగా పెట్టి చూస్తే సగం గొడవ పోతుంది.

తర్వాత వేడి. ఆయిల్ వేడెక్కితే ఉబ్బుతుంది. 30 డిగ్రీల దగ్గర ఉన్న లీటరు ఆయిల్ 90 డిగ్రీలకు వెళ్తే సుమారు 40 మిల్లీలీటర్లు పెరుగుతుంది. గేజ్ మీద రెండు గీతల మధ్య జాగా ఎంతుందో మీరు చూశారు కదా, దాంట్లో ఇది లెక్కలోకి వచ్చే తేడాయే. మీ మెకానిక్ వేడి మీద చూడమన్నది ఇందుకే. వేడి మీద అంటే అమలాపురం నుంచి లగెత్తించి తెచ్చి వెంటనే లాగి చూడమని కాదు. ఇలాంటి బండ్లకు మామూలుగా చెప్పేది ఏమిటంటే, ఇంజన్ చల్లగా ఉంటే స్టార్ట్ చేసి మూడు నుంచి ఐదు నిమిషాలు అలా వదిలేయాలి, ఎక్సలేటర్ తిప్పకూడదు. ఆపి రెండు మూడు నిమిషాలు ఆగాలి. అప్పుడు చూడాలి. కొన్ని పెద్ద బండ్లకు ఇంకా ఎక్కువసేపు ఆగమని రాస్తారు. నేనైతే చిన్న బండికైనా ఐదు నిమిషాలు ఆగుతాను. ఈలోపు టీ తాగితే సరిపోతుంది. ఎన్ని నిమిషాలన్నది ఒక ఎత్తు, ప్రతిసారీ అన్నే నిమిషాలు ఆగడం ఇంకో ఎత్తు. ఈసారి రెండు, వచ్చేసారి ఇరవై అయితే ఆ రెండు కొలతలకూ పోలిక ఉండదు.

సెంటర్ స్టాండ్ వేసి, గేజ్ చుట్టూ ఉన్న మట్టి, ఇసుక ముందు గుడ్డతో తుడవండి. ఇది చాలామంది వదిలేస్తారు. పుంత రోడ్ల దుమ్ము, చెరువు గట్ల బురద అక్కడే పేరుకుంటుంది. గేజ్ తిప్పి తీయగానే తిన్నగా ఇంజన్లోకి రాలుతుంది. మొదటిసారి తీసినప్పుడు పుల్ల మీద కనిపించేది లెక్కలోకి తీసుకోకండి. తీసేటప్పుడు అంచులకు రాసుకుని పైదాకా పూసుకుని ఉంటుంది. నూలు పోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్లీ నిటారుగా దింపి, మర అంచు మీద ఆనించి, తిప్పకుండా ఒక్క క్షణం ఉంచి తీయండి. తీసిన పుల్లను అడ్డంగా పట్టుకోవాలి. తలకిందులుగా పట్టుకుంటే ఆయిల్ పైకి పాకి రీడింగ్ పెరుగుతుంది. పుల్లకు రెండు వైపులా చూడండి. ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కనిపిస్తే తక్కువ ఉన్న వైపే నమ్మండి, రెండోది అంచుకు తగిలి అంటుకున్నది. ఇలా రెండుసార్లు చేసి రెండూ ఒకేలా వస్తే అదే మీ కొలత. తేడా వస్తే మూడోసారి.

కొత్త ఆయిల్ పోసిన వారంలో అది తేనెలా తేటగా ఉంటుంది, పుల్ల మీద ఎక్కడిదాకా తడిసిందో కనిపించదు. అప్పుడు పుల్లను న్యూస్‌పేపర్ అంచున తెల్ల జాగా మీద సున్నితంగా ఆనించండి. కాగితం మీద తడి ఎంత పొడవు పడిందో దాన్ని పుల్ల మీది గీతలతో పోల్చుకోండి. ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూసినా తడి మెరుస్తుంది. రాత్రిపూట ట్యూబులైటు కింద మాత్రం చూడకండి, పుల్ల మొత్తం మెరుస్తుంది.

రెండు గీతల మధ్య ఎక్కడున్నా ఇంజన్‌కు చాలు. పై గీతకు సరిగ్గా తగిలేలా పోయాలని కొందరికి పట్టుదల. మధ్యకు కాస్త పైన ఉంటే నేను చెయ్యి పెట్టను.

గేజ్ లేకుండా చిన్న గుండ్రటి అద్దం ఉండే బండ్ల గురించి కూడా చెప్తాను, మీ ఇంట్లో ఇంకో బండి ఉండొచ్చు. పల్సర్ 150, కొత్త తరం బుల్లెట్లు ఈ రకం. ఇక్కడ కూడా అద్దం కుడి వైపే ఉంటుంది కాబట్టి సైడ్ స్టాండ్ మీద చూస్తే ఖాళీగా కనిపిస్తుంది. సెంటర్ స్టాండ్ లేని బండి అయితే ఒకరు నిటారుగా పట్టుకుని ఇంకొకరు వంగి చూడాలి. ఒక్కరే ఉంటే ఫోన్‌ను నేల మీద ఇటుకకు ఆనించి, అద్దం వైపు తిప్పి వీడియో పెట్టి, బండి ఎక్కి నిటారుగా పట్టుకోండి. దిగాక వీడియో చూసుకోండి. సైడ్ స్టాండ్ కింద ఇటుక ముక్కలు పెట్టి నిలబెట్టే వాళ్లను చూశాను, ఆ బండి కుడి వైపు పడిపోవడమూ చూశాను. అద్దం నిండా ఆయిల్ కనిపిస్తే ఫుల్‌గా ఉందని సంతోషపడకండి. పై గీత దాటి ఎంత ఉందో ఆ అద్దం చెప్పలేదు. బండిని మెల్లగా ఎడమకు వంచుతూ చూడండి, ఒక చోట ఆయిల్ అంచు కిందికి దిగుతూ కనిపించాలి. చాలా వంచినా అంచు కనపడకపోతే ఎక్కువైనట్టే. పాత బండ్లలో అద్దం లోపలి వైపు గోధుమ రంగు మరక పట్టి ఆయిల్ లేకున్నా ఉన్నట్టే కనిపిస్తుంది. బండి వంచినప్పుడు అంచు కదలకపోతే అది మరకే.

పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ మాత్రం వేరే జాతి. ఆ ఇంజన్లో ఆయిల్‌కు విడిగా ఒక అర ఉంటుంది. బండి రోజుల తరబడి నిలబడితే ఆ అరలోంచి ఆయిల్ మెల్లగా జారి క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) ఉన్న గదిలోకి చేరుతుంది. గేజ్ పెట్టి చూస్తే పొడిగా వస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దాయన బుల్లెట్ తీర్థానికి వెళ్లాలని తెల్లవారుజామున షెడ్డుకు తెచ్చారు, తోసుకుంటూ. గేజ్ తీశాను, చుక్క లేదు. మా గురువుగారు ఇంకా రాలేదు. నేనే గొప్పగా దగ్గర దగ్గర లీటరు పోసేశాను. ఆయన కిక్కు కొట్టి నాలుగు నిమిషాలు తిప్పారు. కింద చేరిన పాత ఆయిల్‌ను పంపు మళ్లీ అరలోకి ఎత్తింది, అక్కడేమో నేను పోసింది నిండా ఉంది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఆయిల్ చిమ్మి ఆయన తెల్ల పంచె అంచంతా నల్లగా అయిపోయింది. గురువుగారు వచ్చి తిట్టలేదు. ఒక కొలత పాత్ర చేతికిచ్చి, ఎక్కువైనదంతా తీసి ఎంతుందో కొలవమన్నారు. కొలిస్తే నేను పోసింది పోసినట్టే ఉంది, చిమ్మింది తప్ప. అంటే ఆ బండికి అసలు ఆయిలే అవసరం లేదు. ఆ బండి ఆయిల్ ఎప్పుడైనా కాసేపు నడిపిన తర్వాతే చూడాలని ఆ రోజు తెలిసింది, పంచె ఖరీదు కూడా తెలిసింది.

ఎక్కువైతే ఏమవుతుందని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. తక్కువైతే ఇంజన్ పట్టేస్తుందని అందరికీ తెలుసు, టాపెట్ల చప్పుడు, హెడ్డు అరగడం, చివరికి బోరు (పిస్టన్ ఆడే గొట్టం) పోవడం. ఎక్కువైతే పాడయ్యేది మెల్లగా. తిరిగే క్రాంక్ ఆయిల్లో మునిగి మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. గాలి కలిసి నురగ లేస్తుంది. నురగను పంపు లాగితే పైకి వెళ్లేది సగం గాలి, అంటే ఆయిల్ నిండా ఉండి కూడా హెడ్డుకు అందదు. లోపల ఒత్తిడి పెరిగి బ్రీదర్ పైపు గుండా ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి వస్తుంది. ఫిల్టర్ తడిసి బండి లాగదు, సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తుంది. అది చూసి పిస్టన్ రింగులు పోయాయని బోరు కిట్టు వేయించుకున్నవాళ్లున్నారు. ఎక్కువైన ఆయిల్ తీసేస్తే పోయే దానికి వేలల్లో ఖర్చు. బలహీనంగా ఉన్న ఆయిల్ సీళ్లు కూడా ఆ ఒత్తిడికే కారడం మొదలుపెడతాయి.

కాబట్టి మీ బండికి ఇలా చేయండి. రాత్రంతా మట్టమైన చోట సెంటర్ స్టాండ్ మీద ఉంచండి. పొద్దున స్టార్ట్ చేయకుండానే, గేజ్ బిగించకుండా ఒకసారి చూడండి. ఇక్కడ మీ నాన్నగారి పద్ధతే పనికొస్తుంది. చల్లటి ఇంజన్లోనే పై గీత దాటి ఉంటే వేడెక్కాక ఇంకా పెరుగుతుంది, అప్పుడు స్టార్ట్ చేయకముందే కొంత తీసేయాలి. పై గీత లోపలే ఉంటే నేను చెప్పినట్టు నాలుగు నిమిషాలు నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి రెండోసారి చూడండి.

తీయడానికి డ్రైన్ నట్టు విప్పనక్కర్లేదు. సగం తీద్దామని నట్టు వదులు చేస్తే సగంలో ఆపడం ఎవరి వల్లా కాదు, చెయ్యంతా ఆయిలవుతుంది. పశువుల మందుల షాపులో 50 మిల్లీలీటర్ల పెద్ద సిరంజి దొరుకుతుంది. దానికి కొత్త సెలైన్ పైపు ముక్క తగిలించి గేజ్ రంధ్రంలోంచి దింపి లాగండి. పైపు సిరంజికి గట్టిగా పట్టి ఉండాలి, ఊడి లోపల పడితే ఇంకో కథ. ఒక్కసారి లాగినదంతా సీసాలో పోసి, మళ్లీ గేజ్ చూసి, అవసరమైతే ఇంకోసారి. పోసేటప్పుడు కూడా ఇదే పద్ధతి, 50 పోయడం, రెండు నిమిషాలు ఆగడం, చూడటం. రొయ్యల చెరువుల దగ్గర మందు కొలిచే గీతల మగ్గు ఉంటుంది కదా, అలాంటిది ఒకటి కొత్తది కొనుక్కోండి. మందు కొలిచింది మాత్రం వద్దు. ఒకేసారి పావు లీటరు అనేది ఈ సైజు ఇంజన్‌కు చాలా ఎక్కువ.

ఆయిల్ మార్చినప్పుడు కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. బుక్కులో రెండు అంకెలుంటాయి. ఇంజన్ మొత్తం విప్పి కట్టినప్పుడు పోయాల్సింది ఒకటి, డ్రైన్ చేసి పోయాల్సింది ఇంకొకటి. రెండోది తక్కువ, ఎందుకంటే నట్టు విప్పినా కొంత ఆయిల్ మూలల్లో మిగిలే ఉంటుంది. డబ్బా 900 మిల్లీలీటర్లదో లీటరుదో ఉంటుంది, డబ్బుపెట్టి కొన్నాం కదా అని ఆఖరి చుక్కదాకా వంచేస్తారు. మిగిలితే మూత బిగించి ఇంట్లో పెట్టుకోండి, టాపప్‌కు అదే పనికొస్తుంది. టాపప్‌కు వేరే గ్రేడు వాడకూడదు. 10డబ్ల్యూ30 ఉన్న బండికి అదే, 20డబ్ల్యూ50 ఉన్నదానికి అదే. డబ్బా మీద జాసో (జపాన్ వాళ్ల ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందో లేదో చూడండి. గేర్ల బండ్లలో క్లచ్ ఆయిల్లోనే తిరుగుతుంది. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు, అవి పోస్తే క్లచ్ జారుతుంది. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్ల కోసం.

ఇక మీరు అడగని సంగతి ఒకటి, మన ప్రాంతంలో ఉంటూ చెప్పకపోతే తప్పవుతుంది. మీరు చుక్క పోయకపోయినా గేజ్ మీద మట్టం పెరిగితే అదీ ప్రమాదమే. ఆయిల్ తగ్గుతుంది గానీ దానంతట అది పెరగదు. పెరిగిందంటే ఏదో కలుస్తోంది. కార్బొరేటర్ ఉన్న పాత బండ్లలో పెట్రోలును ఆపే నీడిల్ అరిగిపోయి, పెట్రోలు ట్యాప్ ఆన్‌లోనే వదిలేస్తే, పెట్రోలు రాత్రంతా బోరులోంచి ఇంజన్లోకి దిగుతుంది. పుల్ల వాసన చూడండి, పెట్రోలు వాసన ఘాటుగా ఉంటే, ఆయిల్ నీళ్లలా పల్చగా జారుతుంటే, బండి స్టార్ట్ చేయకుండా ఆయిల్ మొత్తం మార్చి కార్బొరేటర్ చూపించండి. మీ బండి కార్బొరేటర్‌ది అయితే ఈ పొద్దున చూసేటప్పుడే వాసన కూడా చూడండి, ఖర్చు లేదు కదా.

రెండోది నీళ్లు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి వరద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండో హెచ్చరిక అనగానే లంకల్లో వాళ్లు పశువులతో పాటు బండ్లనూ గట్టెక్కిస్తారు. అయినా ప్రతిసారీ కొన్ని మునుగుతూనే ఉంటాయి. 2022 జూలై వరద దిగాక మా షెడ్డు ముందు బండ్లు వరసకట్టాయి. అందులో బాగుపడ్డవి ఎక్కువ, కానీ "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని కిక్కులు కొట్టి తెచ్చినవాటికి ఖర్చు పెరిగింది. మునిగిన బండి గేజ్ చూస్తే ఆయిల్ పై గీత దాటి చక్కగా కనిపిస్తుంది. అడుగున ఉన్నది నీళ్లు, వాటి మీద తేలుతున్నది ఆయిల్. డ్రైన్ నట్టు విప్పితే ముందు నీళ్లు వస్తాయి, తర్వాత ఆయిల్. కిక్కులు కొట్టి కలిపేస్తే అంతా పాలు ఎక్కువైన టీలా అయిపోతుంది. అప్పుడు ఒకసారి మారిస్తే చాలదు. చవక ఆయిల్ పోసి కాసేపు నడిపి, అదీ తీసేసి, మళ్లీ కొత్తది పోయాలి. రంగు తేరేదాకా అంతే.

వానాకాలంలో మూత లోపల మాత్రమే మీగడలా కొంచెం తెల్ల నురగ కనిపిస్తే అంత భయం అక్కర్లేదు. ఇంటి నుంచి చెరువు దాకా, చెరువు నుంచి ఇంటికి రెండేసి కిలోమీటర్లు తిరిగే బండ్లలో ఇంజన్ సరిగ్గా వేడెక్కక లోపలి చెమ్మ అలా చేరుతుంది. తుడిచేసి, వారంలో ఒకసారి ఓ ఇరవై కిలోమీటర్లు ఆగకుండా నడపండి. పుల్ల మీది ఆయిల్ కూడా తెల్లబడితే మాత్రం మార్చాల్సిందే.

తీసిన ఆయిల్ కాలవలోనో, బోదెలోనో పారబోయకండి. మన ఊళ్లలో మంచినీళ్ల చెరువు నిండేది ఆ కాలవ నీళ్లతోనే. సీసాలో పోసి షెడ్డులో ఇస్తే పాత ఆయిల్ కొనేవాళ్లు వచ్చి పట్టుకుపోతారు.

ఒకవేళ సరైన పద్ధతిలో చూశాక నిజంగానే ఆయిల్ తక్కువ తేలితే, అంటే ఆదివారం కంగారు నిజమే అయితే, ఆ ఆయిల్ ఎటు పోయిందో చూడాలి. రాత్రి ఇంజన్ కింద పాత అట్టముక్క పరచండి, చుక్కలు పడితే ఏ చోటు కింద పడ్డాయో తెలుస్తుంది. అట్ట శుభ్రంగా ఉండి, పొద్దున మొదటి స్టార్టుకు నీలం పొగ వచ్చి కాసేపటికి ఆగిపోతే వాల్వు సీళ్లను అనుమానించాలి. నడుస్తున్నంతసేపూ, ముఖ్యంగా ఎక్సలేటర్ ఇచ్చినప్పుడు పొగ వస్తే రింగులు, బోరు. గోడ మీది క్యాలెండర్లో తేదీ పక్కన మీటరు రీడింగు, గేజ్ మీద మట్టం రాసుకోండి. 500 కిలోమీటర్లకు ఎంత తగ్గిందో తెలిస్తే మెకానిక్‌కు సగం పని మీరే చేసిపెట్టినట్టు.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా కింద చిన్న రబ్బరు గొట్టం వేలాడుతూ ఉంటుంది, దాని మూత తీసి చూడండి. అందులో ఆయిల్ ఉంటే సోమవారం బంకు నుంచి ఇంటికొచ్చేలోపే అది అక్కడికి చేరి ఉండొచ్చు. ఉంటే ఫిల్టర్ కూడా తీసి చూడండి, తడిసిన కాగితం ఫిల్టర్ ఆరబెట్టినా పనికిరాదు. పొద్దున చల్లగా చూసిన మట్టం, నడిపి ఆగాక చూసిన మట్టం, ఆ గొట్టంలో ఏం కనిపించింది, ఈ మూడూ నాకు రాయండి. బోరు విప్పమని ఎవరైనా అంటే అప్పటిదాకా ఒప్పుకోకండి.